అయానిక ద్రవాల్లో ప్రోటీన్ల ఆక్సీకరణ నష్టం: విద్యుత్ రసాయన గుర్తింపు

ఆక్సీకరణానికి గురైన ప్రోటీన్లను అయానిక ద్రవ మాధ్యమంలో ఎలక్ట్రోడ్ సాయంతో గుర్తించి, జరిగిన నష్టాన్ని అంచనా వేసే విశ్లేషణ పద్ధతుల సముదాయం ఇది. ప్రోటీనులోని టైరోసిన్, ట్రిప్టోఫాన్, సిస్టీన్ వంటి అమైనో ఆమ్లాలు ఎలక్ట్రోడ్‌కు ఎలక్ట్రాన్లు ఇవ్వగలవు. హీమ్ వంటి లోహ కేంద్రాలు ఇవ్వడంతోపాటు తీసుకోగలవు కూడా. శరీరంలో ఆక్సీకారకాల దాడికి ముందుగా లోనయ్యేవి కూడా చాలావరకు ఈ స్థానాలే. దెబ్బతిన్న చోటే సంకేతం మారుతుంది కనుక ప్రోటీనుకు రంగు గానీ రేడియోధార్మిక గుర్తు గానీ తగిలించకుండానే నష్టాన్ని పసిగట్టే వీలుంది. పద్ధతికి బలం ఇదే. చిక్కు మాధ్యమంలో ఉంది: అయానిక ద్రవం కూడా ప్రోటీను ఆకృతిని మార్చగలదు. పొటెన్షియల్‌ను మారుస్తూ ప్రవాహాన్ని కొలిచే వోల్టామెట్రీలో కనిపించిన మార్పు ఆక్సీకరణం వల్ల వచ్చిందా, ద్రావణి వల్ల వచ్చిందా అని తేల్చడమే ఈ రంగంలో అసలు పని.

ప్రోటీన్ల ఆక్సీకరణ నష్టం
(చూ. స్వేచ్ఛా ప్రాతిపదికలు, అమైనో ఆమ్లాలు)

కణశ్వాసక్రియలో వాడుకైన ఆక్సిజన్‌లో కొద్ది భాగం పూర్తిగా నీరుగా మారదు. అది సూపరాక్సైడ్‌గా, తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా నిలుస్తుంది. పెరాక్సైడ్‌కు ఫెర్రస్ ఇనుము తగిలితే హైడ్రాక్సిల్ ప్రాతిపదిక పుడుతుంది. ఇనుము, పెరాక్సైడ్ల జంటకు ఉన్న ఆక్సీకరణ శక్తిని హెన్రీ ఫెంటన్ 1894లో టార్టారిక్ ఆమ్లంపై చేసిన ప్రయోగాల్లో వెల్లడించాడు. హైడ్రాక్సిల్ ప్రాతిపదిక ఎంత చురుకైనదంటే, పుట్టిన చోటి నుంచి దూరం పోకముందే ఎదురైన అణువుతో చర్య జరుపుతుంది. అందుకే ప్రోటీనులో ఇనుము లేదా రాగి అంటుకుని ఉన్న చోటి చుట్టుపక్కల నష్టం ఎక్కువగా ఉంటుంది.

ఒక్కో అమైనో ఆమ్లం ఒక్కో తీరున దెబ్బతింటుంది. సిస్టీన్‌లోని థయాల్ సమూహం మొదట సల్ఫెనిక్ ఆమ్లంగా మారి, ఆపై డైసల్ఫైడ్ బంధంగా గానీ, సల్ఫినిక్, సల్ఫోనిక్ ఆమ్లాలుగా గానీ మారుతుంది. డైసల్ఫైడ్‌ను కణం తిరిగి మామూలు స్థితికి తేగలదు, సల్ఫోనిక్ ఆమ్లాన్ని తేలేదు. మెథియోనిన్ సల్ఫాక్సైడ్‌గా మారుతుంది. దీన్ని సరిచేసే రిడక్టేజ్ ఎంజైములు జీవుల్లో ఉన్నాయి. ట్రిప్టోఫాన్ వలయం తెగి ఎన్-ఫార్మైల్ కైన్యురెనిన్ ఏర్పడుతుంది. హిస్టిడిన్ నుంచి 2-ఆక్సోహిస్టిడిన్ వస్తుంది. టైరోసిన్ దారులు అనేకం: రెండు టైరోసిల్ ప్రాతిపదికలు కలిస్తే డైటైరోసిన్, హైడ్రాక్సిల్ చేరితే డోపా, పెరాక్సీనైట్రైట్ వల్ల 3-నైట్రోటైరోసిన్, హైపోక్లోరస్ ఆమ్లం వల్ల 3-క్లోరోటైరోసిన్ ఏర్పడతాయి. లైసిన్, ఆర్జినిన్, ప్రోలిన్, త్రియోనిన్ పక్క గొలుసులపై కార్బొనైల్ సమూహాలు పుడతాయి.

ఒక్క పరమాణువు చేరినా ప్రోటీను పని ఆగిపోవచ్చు. ఊపిరితిత్తులను ఎలాస్టేజ్ ఎంజైము నుంచి కాపాడే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్‌లో 358వ స్థానపు మెథియోనిన్ కీలకం. పొగాకు పొగలోని ఆక్సీకారకాలు దాన్ని సల్ఫాక్సైడ్‌గా మారిస్తే ప్రోటీను ఎలాస్టేజ్‌ను సమర్థంగా అడ్డుకోలేదు. పొగతాగేవారిలో ఎంఫిసీమా రావడానికి ఇది ఒక కారణమని భావిస్తారు.

అయానిక ద్రవాలు
(చూ. విద్యుద్విశ్లేష్యాలు; ద్రావణులు)

100 డిగ్రీల సెల్సియస్ లోపే కరిగి, పూర్తిగా అయాన్లతోనే ఉండే లవణాలను అయానిక ద్రవాలంటారు. వీటిలో చాలావాటికి ధనాయాను పెద్దది, సౌష్ఠవం లేనిది. అందువల్ల అయాన్లు స్ఫటికంగా పేర్చుకోలేక గది ఉష్ణోగ్రత వద్ద కూడా ద్రవంగానే ఉంటాయి. ఇమిడజోలియం, పిరిడీనియం, పిరోలిడీనియం, అమ్మోనియం, కోలీన్ వంటివి ధనాయాన్లు. టెట్రాఫ్లోరోబోరేట్, హెక్సాఫ్లోరోఫాస్ఫేట్, బిస్-ట్రైఫ్లోరోమిథైల్‌సల్ఫొనైల్ ఇమైడ్, ఎసిటేట్, డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ వంటివి రుణాయాన్లు.

విద్యుత్ రసాయన శాస్త్రజ్ఞులను ఇవి మూడు గుణాలతో ఆకర్షించాయి. వీటికి బాష్పపీడనం దాదాపు లేదు కనుక పలుచని పొరగా పూసినా ఆరిపోవు. విడిగా విద్యుద్విశ్లేష్యం కలపనక్కర్లేదు. మూడోది విశాలమైన పొటెన్షియల్ అవధి. నీరు ఉష్ణగతిక రీత్యా 1.23 వోల్టుల వద్దే విఘటన చెందుతుంది. శుద్ధమైన, పొడి అయానిక ద్రవాల్లో 4 వోల్టులు, కొన్నిటిలో అంతకు మించిన అవధి దొరుకుతుంది. మెథియోనిన్, హిస్టిడిన్ వంటి మొండి స్థానాలు అధిక ధన పొటెన్షియళ్ల వద్ద మాత్రమే ఎలక్ట్రాన్లు వదులుతాయి. నీటిలో అక్కడ ఆక్సిజన్ వెలువడే ప్రవాహం వాటి సంకేతాన్ని ముంచెత్తుతుంది కనుక ఈ అవధికి విలువ ఉంది.

చరిత్ర

ఈ రంగంలో మూడు వేర్వేరు పరిశోధన ధారలు కలిశాయి. మొదటిది ప్రోటీన్ల విద్యుత్ రసాయనం. యారోస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ 1922లో ప్రేగ్‌లో పోలరోగ్రఫీని కనిపెట్టాడు, 1959లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అతని శిష్యుడు రుడోల్ఫ్ బ్రడిచ్కా 1933లో కోబాల్ట్ లవణాలున్న అమ్మోనియా బఫర్‌లో, పాదరస ఎలక్ట్రోడ్‌పై, గంధకం గల ప్రోటీన్లు ప్రత్యేకమైన తరంగం ఇస్తాయని చూపాడు. రక్తరసంపై ఈ పరీక్షను క్యాన్సర్ నిర్ధారణకు కూడా వాడి చూశారు. 1977లో రెండు బృందాలు సైటోక్రోమ్ సి ఎలక్ట్రోడ్‌తో నేరుగా ఎలక్ట్రాన్లు మార్చుకోగలదని నిరూపించాయి. 1980లో బ్రనోలో విక్టర్ బ్రబెట్స్, ఫ్రాన్స్‌లో రేనో బృందం కర్బన ఎలక్ట్రోడ్లపై మామూలు ప్రోటీన్లు కూడా ఆక్సీకరణ శిఖరాలు ఇస్తాయని, అవి టైరోసిన్, ట్రిప్టోఫాన్‌లవని తేల్చాయి. లోహం లేని ప్రోటీన్లన్నిటికీ దారి తెరిచిన ఫలితం ఇది.

రెండో ధార ఆక్సీకరణ నష్టం. 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌ను గుర్తించడంతో శరీరంలో సూపరాక్సైడ్ నిజంగానే పుడుతోందన్న విషయం బలపడింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో ఎర్ల్ స్టాడ్‌మన్, రాడ్నీ లెవిన్ లోహ ఉత్ప్రేరిత ఆక్సీకరణాన్ని ఏళ్ల తరబడి శోధించారు. 1990లో వారి బృందం వివరించిన కార్బొనైల్ పరీక్ష, డైనైట్రోఫీనైల్ హైడ్రజీన్‌తో చేసేది, నేటికీ ప్రామాణికంగా నిలిచింది.

మూడో ధార అయానిక ద్రవాలు. పాల్ వాల్డెన్ 1914లో వర్ణించిన ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ 12 డిగ్రీల వద్దే కరుగుతుంది. చాలాకాలం ఎవరూ దాని జోలికి పోలేదు. 1984లో ఈ ద్రవం, నీరు కలిసిన మిశ్రమంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైము పనిచేస్తుందని మాగ్నుసన్ బృందం చూపింది. గాలికి, నీటికి తట్టుకునే ఇమిడజోలియం ద్రవాలను విల్క్స్, జవోరోట్కో 1992లో ప్రకటించారు. 2000లో లైపేజ్, థెర్మోలైసిన్ ఎంజైములు ఇటువంటి ద్రవాల్లో పనిచేశాయి. 2005 నుంచి ఫుజిటా, మెక్‌ఫార్లేన్, ఫోర్సిత్ బృందం ఆస్ట్రేలియాలో కోలీన్ డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌కు కొద్దిగా నీరు కలిపి అందులో సైటోక్రోమ్ సి చాలాకాలం చెడకుండా ఉంటుందని నిరూపించింది. ప్రోటీనును దెబ్బతీయని అయానిక ద్రవం దొరకడంతో, ప్రోటీనుకు అప్పటికే జరిగిన నష్టాన్ని అందులో కొలవాలన్న ఆలోచనకు నేల ఏర్పడింది.

సంకేతపు రకాలు
(చూ. వోల్టామెట్రీ, హీమ్ ప్రోటీన్లు)

టైరోసిన్–ట్రిప్టోఫాన్ శిఖరాలు. తటస్థ బఫర్‌లో గాజు కర్బన ఎలక్ట్రోడ్‌పై, వెండి–సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో పోలిస్తే, ఇవి సుమారు 0.6 నుంచి 0.8 వోల్టుల మధ్య వస్తాయి. ఆక్సీకరణంలో ఈ అమైనో ఆమ్ల అవశేషాలు ఖర్చయితే శిఖరం తగ్గాలి. కానీ ప్రోటీను మడత విప్పుకుంటే లోపల దాగిన అవశేషాలు బయటపడి శిఖరం పెరుగుతుంది. రెండు ప్రభావాలు ఒకేసారి జరిగి ఒకదాన్నొకటి కప్పివేయడమూ సాధ్యమే. మానవ సీరం ఆల్బుమిన్‌లో 585 అవశేషాలకు గాను ట్రిప్టోఫాన్ ఒక్కటే, అదీ లోపల ఉంటుంది. టైరోసిన్లు 18. అంటే ఆల్బుమిన్ శిఖరం ప్రధానంగా టైరోసిన్లదే. ట్రిప్టోఫాన్ నష్టాన్ని దానిలో వెతకడం వృథా. కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్‌లో ట్రిప్టోఫాన్లు 6, టైరోసిన్లు 3 కనుక అక్కడ లెక్క తిరగబడుతుంది. ఏ ప్రోటీనుకైనా ముందు ఈ కూర్పు చూసుకోవాలి.

ఉత్పన్నాల శిఖరాలు. తగ్గిన శిఖరం కంటే కొత్తగా పుట్టిన శిఖరం నమ్మదగిన సాక్ష్యం. టైరోసిన్ నుంచి వచ్చే డోపా, టైరోసిన్ కంటే చాలా తక్కువ పొటెన్షియల్ వద్ద క్వినోన్‌గా మారి, తిరిగి క్షయకరణం చెందుతుంది. నైట్రోటైరోసిన్‌లోని నైట్రో సమూహం రుణ పొటెన్షియళ్ల వైపు క్షయకరణ శిఖరం ఇస్తుంది. మామూలు ప్రోటీనులో నైట్రో సమూహమే ఉండదు కనుక ఈ సంకేతానికి నేపథ్యపు బెడద తక్కువ. కార్బొనైల్ సమూహాలను డైనైట్రోఫీనైల్ హైడ్రజీన్‌తో గుర్తు పెట్టినా ఇదే సౌలభ్యం లభిస్తుంది.

హీమ్ శిఖరాలు. సైటోక్రోమ్ సి లో ఇనుముకు ఒక పక్క 18వ స్థానపు హిస్టిడిన్, మరో పక్క 80వ స్థానపు మెథియోనిన్ ఉంటాయి. దాని ప్రామాణిక పొటెన్షియల్, హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోలిస్తే, నీటిలో సుమారు +0.26 వోల్టులు. ఆ మెథియోనిన్ ఆక్సీకరణం చెంది ఇనుముతో బంధం విడిపోతే పొటెన్షియల్ బాగా రుణ దిశకు జరుగుతుంది, ప్రోటీనుకు పెరాక్సిడేజ్ గుణం వస్తుంది. శిఖరం ఎత్తు ఎలక్ట్రోడ్‌పై చేరిన ప్రోటీను పరిమాణాన్ని బట్టి కూడా మారుతుంది. స్థానం మారడం అంతకంటే స్పష్టమైన గుర్తు.

థయాల్ సంకేతాలు. ఆల్బుమిన్‌లో స్వేచ్ఛగా ఉన్న సిస్టీన్ 34వ స్థానంలో ఒక్కటే. మిగతావి 17 డైసల్ఫైడ్ బంధాల్లో ఉంటాయి. ఆరోగ్యవంతుల రక్తంలో ఈ సిస్టీన్ ఎక్కువ భాగం క్షయకరణ స్థితిలోనే ఉంటుంది. మధుమేహం, మూత్రపిండ వ్యాధుల్లో ఆ భాగం తగ్గుతుంది.

ప్రయోగ క్రమం

సాధారణంగా నష్టం కలిగించడం నీటి బఫర్‌లో, కొలవడం అయానిక ద్రవంలో జరుగుతుంది. ప్రోటీనును రెండు భాగాలు చేసి ఒకదానికి ఫెర్రస్ లవణం, పెరాక్సైడ్ కలుపుతారు. చర్యను ఆపడానికి ఇనుమును బంధించే కారకం, మిగిలిన పెరాక్సైడ్‌ను విడగొట్టే కాటలేజ్ వాడి, లవణాలను వేరుచేస్తారు. ఈ దశలో అశ్రద్ధ పనికిరాదు. మిగిలిపోయిన పెరాక్సైడ్ ఎలక్ట్రోడ్‌పై సొంత ప్రవాహం ఇస్తుంది, ప్రోటీనును దెబ్బతీస్తూనే ఉంటుంది. కలిపిన కాటలేజ్ కూడా హీమ్ ప్రోటీనే కనుక దాన్ని కూడా తొలగించాలి.

అయానిక ద్రవాన్ని శూన్యంలో వేడిచేసి ఆరబెట్టి, అందులోని నీటిని కార్ల్ ఫిషర్ పద్ధతితో కొలుస్తారు. నత్రజని లేదా ఆర్గాన్ పంపి ఆక్సిజన్‌ను తరిమేస్తారు. ఈ జాగ్రత్తకు ప్రత్యేక కారణం ఉంది. పొడి అయానిక ద్రవాల్లో ఆక్సిజన్ ఒక ఎలక్ట్రాన్ తీసుకుని సూపరాక్సైడ్‌గా స్థిరంగా నిలుస్తుందని 2001లో దక్షిణ కెరొలైనా విశ్వవిద్యాలయంలో అల్‌నషెఫ్ బృందం చూపింది. నీటిలోనైతే అది త్వరగా నశిస్తుంది. ఆక్సిజన్ మిగిలిన పాత్రలో రుణ పొటెన్షియల్ ప్రయోగిస్తే, కొలవడానికి వచ్చిన పరికరమే ఆక్సీకారకాన్ని తయారు చేస్తుంది. ఇదే గుణాన్ని కావాలని వాడుకుని, సూపరాక్సైడ్‌ను కొలత ప్రకారం పుట్టించి ప్రోటీనుపై దాని ప్రభావాన్ని చూడవచ్చు కూడా.

తర్వాత ప్రోటీనును నీరు కలిసిన అయానిక ద్రవంలో కరిగిస్తారు, లేదా ఎలక్ట్రోడ్‌పై పొరగా పూస్తారు. చక్రీయ వోల్టామెట్రీతో మొదట మొత్తం అవధిని చూసి, చిన్న శిఖరాల కోసం చతురస్ర తరంగ లేదా భేదాత్మక స్పందన వోల్టామెట్రీకి వెళ్తారు. టైరోసిన్ ఆక్సీకరణ ఉత్పన్నాలు ఎలక్ట్రోడ్‌పై పేరుకుని దాన్ని మూసేస్తాయి కనుక ప్రతి కొలతకు ఉపరితలాన్ని అల్యూమినా పొడితో మెరుగుపెడతారు, లేదా ఒక్కసారి వాడి పారేసే ముద్రిత ఎలక్ట్రోడ్లు తీసుకుంటారు. అయానిక ద్రవాన్నే గ్రాఫైట్ పొడికి బంధకంగా కలిపి చేసే కర్బన ఎలక్ట్రోడ్లు మరో మార్గం. మలేకీ, సఫావీ, తజాబాదీ 2006లో ఆక్టైల్ పిరిడీనియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌తో ఇలాంటిదాన్ని రూపొందించారు. ఇందులో ప్రోటీను నీటి బఫర్‌లోనే ఉంటుంది, అయానిక ద్రవం ఎలక్ట్రోడ్‌లో భాగమవుతుంది.

మాధ్యమం తెచ్చే చిక్కులు
(చూ. స్నిగ్ధత, హాఫ్‌మైస్టర్ శ్రేణి)

స్నిగ్ధత మొదటి అడ్డంకి. 25 డిగ్రీల వద్ద నీటి స్నిగ్ధత 0.89 మిల్లీపాస్కల్ సెకన్లు. పలుచనివాటిలో ఒకటిగా పేరున్న 1-ఇథైల్-3-మిథైల్ ఇమిడజోలియం ఇమైడ్ లవణానికి అది 34 దరిదాపుల్లో, బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌కు 270 దరిదాపుల్లో ఉంటుంది. స్నిగ్ధత పెరిగిన కొద్దీ విసరణ తగ్గుతుంది, విసరణ గుణకపు వర్గమూలాన్ని బట్టి శిఖర ప్రవాహం తగ్గుతుంది. ఆల్బుమిన్ వంటి పెద్ద అణువు నీటిలోనే నెమ్మదిగా కదులుతుంది. దాని విసరణ గుణకం సెకనుకు 6×10⁻¹¹ చదరపు మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. స్నిగ్ధత 36 రెట్లయితే ప్రవాహం ఆరో వంతుకు పడిపోతుంది. ద్రావణంలో కొలవడం కంటే ఎలక్ట్రోడ్‌పై పలుచని పొరలో కొలవడాన్ని చాలామంది ఎంచుకోవడానికి కారణం ఇదే.

రెండోది, అన్నిటికంటే ముఖ్యమైనది, నీరు. పొడి అయానిక ద్రవాల్లో చాలా ప్రోటీన్లు కరగవు, కరిగినా సహజ ఆకృతి నిలబెట్టుకోవడం అరుదు. నీరు ఎక్కువైతే పొటెన్షియల్ అవధి కుంచించుకుపోతుంది, అయానిక ద్రవాన్ని ఎంచుకున్న ప్రయోజనమే పోతుంది. మధ్యలో ఎక్కడో ప్రోటీనుకు సరిపడా నీరు, ఎలక్ట్రోడ్‌కు సరిపడా పొడితనం ఉన్న ఇరుకైన చోటు వెతకాలి. తేమను పీల్చుకునే ఈ ద్రవాల్లో ఆ చోటు గంటల వ్యవధిలోనే జరిగిపోతుంది. నీటి శాతం నమోదు చేయని వోల్టామోగ్రామ్‌ను మరో ప్రయోగశాల ఫలితంతో పోల్చడానికి ఆధారమే ఉండదు.

మూడోది ప్రోటాన్ల సంగతి. టైరోసిన్ ఎలక్ట్రాన్‌తోపాటు ప్రోటాన్‌ను కూడా వదులుతుంది. నీటిలో పీహెచ్ ఒక యూనిట్ మారితే దాని శిఖరం సుమారు 59 మిల్లీవోల్టులు జరుగుతుంది. అయానిక ద్రవంలో పీహెచ్‌కు మామూలు అర్థం ఉండదు. ప్రోటాన్‌ను తీసుకునేది రుణాయాను, లేదా మిగిలిన నీరు. క్షార గుణం గల ఎసిటేట్ ఉన్నచోట ఆక్సీకరణం సులువు, క్షార గుణం దాదాపు లేని ఇమైడ్ రుణాయానుల మధ్య కష్టం. నీటిలోని పట్టికలు చూసి శిఖరాలకు పేర్లు పెట్టడం ఇక్కడ చెల్లదు. పోలిక ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ కూడా మాధ్యమాన్ని బట్టి మారుతుంది కనుక ఫెర్రోసీన్‌ను అంతర్గత ప్రమాణంగా కలిపి కొలుస్తారు.

నాలుగోది అయాన్ల స్వభావం. ఫ్రాంజ్ హాఫ్‌మైస్టర్ 1888లో ప్రేగ్‌లో గుడ్డు తెల్లసొన ప్రోటీన్లను వేర్వేరు లవణాలతో అవక్షేపించి, అయాన్లు ప్రోటీన్లపై చూపే ప్రభావానికి ఒక వరుస ఉందని గుర్తించాడు. నీరు కలిసిన అయానిక ద్రవాల్లో ఆ వరుస కొంతవరకు పనికొస్తుంది. భారతదేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన పన్నూరు వెంకటేశు బృందం అయానిక ద్రవాల్లో ప్రోటీన్ల స్థిరత్వాన్ని విస్తృతంగా పరిశీలించింది.

మలినాలు చివరి చిక్కు. తయారీలో మిగిలిన క్లోరైడ్ ధన పొటెన్షియల్ వద్ద ఆక్సీకరణం చెంది క్లోరిన్ పుట్టించగలదు. అది స్వయంగా ప్రోటీను ఆక్సీకారకం. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ తేమతో విఘటన చెంది హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను విడుదల చేయగలదు. ప్రోటీన్ల పనికి ఆ రుణాయానును మానుకోవడమే మంచిది.

వీటన్నిటి దృష్ట్యా మూడు పోలికలు తప్పనిసరి: ప్రోటీను లేని అయానిక ద్రవం, దెబ్బతినని ప్రోటీనును అదే ద్రవంలో అంతే సేపు ఉంచిన నమూనా, దెబ్బతిన్న, దెబ్బతినని ప్రోటీన్ల నీటి బఫర్ కొలతలు. రెండోది లేకుండా ప్రకటించిన నష్టంలో ద్రావణి వాటా ఎంతో చెప్పలేం.

ఇతర పద్ధతులతో పోలిక

ఏ స్థానంలో ఏ మార్పు జరిగిందో చెప్పగలిగేది ద్రవ్యరాశి వర్ణపటమాపనం. వోల్టామెట్రీ ఆ వివరం ఇవ్వలేదు. కార్బొనైల్ పరీక్ష విస్తృతంగా అంగీకారం పొందినది, అయితే సిస్టీన్, మెథియోనిన్ మార్పులను అది పట్టదు. థయాల్‌లను కొలిచే ఎల్‌మన్ కారకం 1959 నుంచి వాడుకలో ఉంది. చవకైన పరికరం, కొద్దిపాటి నమూనా, వేగం వోల్టామెట్రీకి అనుకూలాంశాలు.

అయానిక ద్రవాల విషయంలో కాంతి పద్ధతులకు ఇంకో పరిమితి ఉంది. ట్రిప్టోఫాన్ ప్రతిదీప్తితో ప్రోటీను స్థితిని చూడటం నీటిలో సర్వసాధారణం. హైదరాబాద్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగంలో అనునయ్ సామంత బృందం 2005లో, పారదర్శకమని అందరూ భావించిన ఇమిడజోలియం ద్రవం అతినీలలోహిత ప్రాంతంలో గమనించదగినంత కాంతిని శోషిస్తుందని, స్వయంగా ప్రతిదీప్తి కూడా వెలువరిస్తుందని చూపింది. ట్రిప్టోఫాన్ సంకేతం వెతికే ప్రాంతంలో మాధ్యమమే వెలుగుతుంటే కొలత కష్టం. ఎలక్ట్రోడ్‌కు ఈ ఇబ్బంది లేదు.

ఉపయోగాలు
(చూ. కంటిశుక్లం, ఆల్బుమిన్)

కంటి కటకంలోని క్రిస్టాలిన్ ప్రోటీన్లు జీవితాంతం దాదాపు మార్పిడి లేకుండా ఉండిపోతాయి. దశాబ్దాల ఎండ, ఆక్సీకరణ వాటిలో పేరుకుని శుక్లానికి దారితీస్తాయి. కటక ప్రోటీన్ల కాంతి ఆక్సీకరణంపై హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి (సీసీఎంబీ), ఆపై ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధనలకు నేతృత్వం వహించిన డి. బాలసుబ్రమణియన్ చేసిన కృషి ప్రసిద్ధం. ముదిరిన శుక్లంలోని ప్రోటీన్లు నీటిలో కరగకుండా ముద్దకడతాయి. కరగనివాటిని కరిగించగల మాధ్యమంగా అయానిక ద్రవాలను పరీక్షించదగిన చోటు ఇది.

ప్రతిరక్షక ఔషధాల నాణ్యత పరీక్ష మరో రంగం. ఐజీజీ1 తరహా ప్రతిరక్షకాల్లో 252, 428 స్థానాల మెథియోనిన్లు ఆక్సీకరణం చెందితే రక్తంలో వాటి నిలకడ తగ్గుతుంది. అందువల్ల నిల్వలో ఉన్న మందులో ఈ మార్పును కనిపెట్టి ఉంచుతారు. ఇలాంటి ప్రోటీన్లను చల్లదనం లేకుండా నిల్వ చేయడానికి కోలీన్ ఆధారిత ద్రవాలను పరిశీలిస్తున్నారు. నిల్వ ఉన్న ద్రవంలోనే, నమూనాను బయటికి తీసి శుద్ధి చేయకుండా, ఎలక్ట్రోడ్ ముంచి చూడగలిగితే పరీక్ష ఎంతో సులువవుతుంది.

వైద్య ప్రయోగశాలల్లో ఇది నిత్య పరీక్షగా ఇంకా స్థిరపడలేదు. రక్తరసం వంటి మిశ్రమంలో యూరిక్ ఆమ్లం, ఆస్కార్బిక్ ఆమ్లం టైరోసిన్ కంటే ముందే ఆక్సీకరణం చెంది శిఖరాలను కప్పేస్తాయి కనుక ప్రోటీనును ముందుగా వేరుచేయాల్సి ఉంటుంది. పొడవైన ఆల్కైల్ గొలుసులున్న ఇమిడజోలియం లవణాలు నీటి జీవులకు విషపూరితం. వాటి ధర కూడా ఎక్కువ. ఈ రెండు కారణాల వల్ల పాత్ర నిండా ద్రవం పోసే పద్ధతి తగ్గి, ఎలక్ట్రోడ్‌పై కొన్ని మైక్రోలీటర్ల పొరతో పనిచేయడం వైపు, కోలీన్, అమైనో ఆమ్లాల నుంచి తయారయ్యే అయాన్ల వైపు పరిశోధన సాగుతోంది.